తిమ్మరాజు ఆకలి

తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్న సామెతలో మొదటి సగాన్ని మాత్రమే ఆసుపత్రి వారు తమ కొండబండికి పేరుగా పెట్టారు. పని విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. నాలుగు చక్రాలకూ బలం అందించే ఆ భారీ వాహనానికి బండరాయి అడ్డు కాదు, పారే వాగు అడ్డు కాదు. ఉన్న దోషమల్లా దాహం. డీజిల్ పోసిన వాడు మూత బిగించేలోపే మీటరు ముల్లు నేలచూపులు చూస్తుందని గిట్టనివారు చెప్పుకునేవారు.

దాన్ని నడిపేది బాబాయి. ఆసుపత్రిలో దంతవైద్యురాలైన డాక్టరమ్మకు స్వయానా తండ్రి తమ్ముడు. ఆమె పిలిచే పిలుపు విని విని ఆసుపత్రి అంతటికీ ఆయన బాబాయే అయిపోయాడు.

కిందటి నెల కొండమీది పలకగనుల ఊరికి వెళ్ళి దిగి వస్తుండగా తిమ్మరాజు నడిదారిలో నోరు తెరిచేశాడు. పాలలారీ అతను జాలిపడి రబ్బరు గొట్టంతో కాస్త డీజిల్ పోయబట్టి పరువు దక్కింది. మర్నాడు ఆసుపత్రి పెద్దసారు పిలిచి మాట తేల్చేశాడు.

"మందులున్న బండిలో డీజిల్ డబ్బాలు పెట్టనివ్వను. పైన బంకు లేదు. ఒక్క ట్యాంకుతో వెళ్ళి రాగలిగితే వెళ్ళండి. ఈసారి కూడా దారిలో ఆగారో, ఆ ఊరికి ఇక వెళ్ళేది లేదు."

ఆ మాట ఇవాళ ప్రయాణంలో ముల్లులా గుచ్చుకోవడానికి కారణం డాక్టరమ్మ ఒడిలో ఉన్న చిన్న పెట్టె. అందులో ఆ ఊరి పంతులమ్మకు తయారైన కట్టుడు పళ్ళున్నాయి. ముప్పై రెండూ పోగొట్టుకున్న ఆవిడ, తకారం దకారం పలకని నోటితో పిల్లలకు పద్యం చెప్పడం అక్షరాలకు చేసే అపచారమని భావించి పాఠం మానేసింది. ఇవాళ పళ్ళు అమర్చినా, సర్దడానికి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళే దారి మూసుకుపోతే ఆ పళ్ళూ పెట్టెలోనివే, ఆ పద్యాలూ గొంతులోనివే.

కొండ మొదట్లో ఉన్న ఆఖరి బంకులోకి తిప్పుతుంటే చక్రాలు కీచుమన్నాయి. బండి మూలిగి, గింజుకుంటూ తిరిగింది.

"వచ్చాడండీ తిమ్మరాజు! వడ్డించమంటారా?" అన్నాడు బంకు కుర్చీలోంచి లేస్తూ అక్కడి పనివాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. చేయి తుడుచుకోవడానికన్నట్టు గేరుకర్ర పక్కన ఆరేసిన తువ్వాలు లాగింది. దాని కింద రెండో లివరు ముందుకు నెట్టి ఉంది.

"బాబాయ్, ఇది తారురోడ్డు."

"నాకూ కళ్ళున్నాయమ్మడూ."

"మరి నాలుగు చక్రాల లివరు వేసుందేం? పొడి రోడ్డు మీద వేస్తే టైర్లు అరుగుతాయి, డీజిల్ తాగుతుంది అని నాకు మొట్టికాయలు వేసి మరీ నేర్పింది ఎవరు?"

బాబాయి స్టీరింగు మీదికి చూపు దించుకున్నాడు. వానాకాలంలో కొండదారిలో కంకర మలుపు దగ్గర బండి జారిన క్షణం ఆయన కళ్ళముందు కదిలింది. అంచుదాకా పోయిన చక్రం. ఏనాడో కన్నుమూసిన తన అన్నను, "నాన్నా!" అని ఆ పిల్ల పిలిచిన కేక. ఇంటికి చేరాక వదినగారు కేకలేయలేదు. "అమ్మాయి నీ చేతుల్లో ఉందయ్యా," అంది, అంతే. ఆనాటి నుంచి ఆయన ఆ లివరు వెనక్కి లాగలేదు. పట్టు చిక్కుతుందని టైర్లలో గాలి కూడా తగ్గించాడు. చేస్తున్నది తప్పని చేతికి తెలుసు, మనసే ఒప్పుకోలేదు.

"మీ అమ్మకి మాటిచ్చాను," అన్నాడు మెల్లగా. వెంటనే రోషం వచ్చింది. "నా తువ్వాలు ఎత్తావు, సరే. నువ్వు నింపిన బండి వెనక తలుపు నన్నెత్తమంటావా?"

ఎత్తాడు. రెండో స్టెప్నీ, ఇనుప గొలుసులు, నీళ్ళ పీపా, ఊళ్ళో కరెంటున్నా మోసుకెళ్ళే జనరేటరు, దుప్పట్ల మూట, వంట స్టవ్వు, గిన్నెలు.

"వైద్యానికా తల్లీ, కాపురానికా?"

"దారిలో ఆగిపోతే..." అంటూనే డాక్టరమ్మ తడబడింది. ఆగిపోతామన్న భయంతో ఎక్కించిన బరువే ఆపుతోందని తట్టి ఆమెకు నవ్వాగలేదు. "భారం దేవుడి మీద వేయమంటావు కదా బాబాయ్. ఇద్దరం కలిసి బండి మీద వేశాం."

"ఆయనైతే డీజిలు అడగడు," అన్నాడు బాబాయి, నవ్వు దాచుకోలేక.

ఒక స్టెప్నీ, తాగేందుకు కాసిని నీళ్ళు ఉంచి, మిగతా సరంజామా బంకు గదిలో దించారు. టైర్లకు సరిపడా గాలి పట్టించారు. "తిమ్మరాజు పథ్యం మొదలెట్టాడా?" అంటూ బంకు అతను ట్యాంకు నింపాడు. బాబాయి లివరును వెనక్కి లాగి, స్టీరింగుకు నమస్కరించి బయల్దేరాడు.

రోడ్డు మీద బండి తేలికగా సాగింది. ఆయన పాదం పసిబిడ్డను జోకొట్టినంత మెత్తగా ఆనుతోంది. కంకర మలుపు కనబడగానే చేయి దానంతటదే లివరు మీదికి పోయింది. ఇంకా తారే. చేయి వెనక్కి తీసుకున్నాడు, వేగం తగ్గించాడు. డాక్టరమ్మ పెట్టెను గట్టిగా పట్టుకుంది. తారు ముగిసి కంకర మొదలయ్యే చోట బండి దాదాపు నడకకు వచ్చింది.

"ఇప్పుడు, బాబాయ్," అంది.

లివరు ముందుకు పడింది. నాలుగు చక్రాలూ నేలను కరిచి పట్టుకున్నాయి. తిమ్మరాజు గంభీరంగా మలుపు దాటి, మట్టిదారి వెంట ఊరు చేరాడు.

పళ్ళు అమర్చుకున్న పంతులమ్మ అద్దం చూడలేదు. కళ్ళు మూసుకుని "త, థ, ద, ధ, న," అంది. ఒక్కో అక్షరం కడిగిన ముత్యంలా రాలింది. గుమ్మంలో మూగిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చప్పట్లు తర్వాత. పలకలేవి?" అని గద్దించి, బాబాయి వైపు తిరిగింది. "అబ్బాయ్, కింది వరుస కాస్త ఒరుసుకుంటోంది. వచ్చే నెల వస్తారు కదూ?"

"తిమ్మరాజుని అడిగి చెబుతానండీ."

దిగుదారిలో ఇంజనును గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు పెడలు ముట్టకుండా బాబాయి బండిని వాలుకు వదిలాడు. తారు రాగానే లివరు వెనక్కి లాగాడు. ముల్లు దిగుతోంది, కానీ నిదానంగా. కిందటిసారి ఆగిన చోట పాలలారీ ఎదురైంది. "గొట్టం తీయమంటారా?" అని అరిచాడు లారీ అతను.

"అక్కర్లేదు, ఇవాళ ఉపవాసం!" అని డాక్టరమ్మ అరిచింది.

డీజిల్ తక్కువైతే వెలిగే ఎర్రదీపం వెలగనేలేదు. బండి బంకులోకి మూలుగు లేకుండా తిరిగింది. అప్పుడే వదినగారి ఫోను.

"ఎక్కడున్నారయ్యా?"

"బంకు దగ్గర వదినా."

"అయ్యో, మళ్ళీ ఆగిపోయిందా?"

"లేదు వదినా. మేమే ఆపాం. ట్యాంకులో ఉన్నదాంతో ఇంకా కాస్త దూరం పోవచ్చు. పెద్దసారుతో చెప్పి వచ్చే నెలా వెళ్తాం. అమ్మాయి క్షేమంగా ఉంది. నవ్వుతోంది."

వెనక బంకు అతను దించిన సామాను వైపు చూపి, "ఇవి ఎక్కించమంటారా?" అన్నాడు.

"ఇక్కడే ఉండనివ్వు," అంది డాక్టరమ్మ. "గిన్నెలు మాత్రం ఇవ్వు, ఇంట్లో అమ్మ వెతుకుతోంది."