అత్త మంచం దగ్గరి పెట్టె

మినప్పప్పు రుబ్బే ముందు చెప్పులు వెతుక్కునే ఇల్లాలు ఈ దీవిలో, మా బ్రూక్షాబాద్ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా గ్రైండర్ షాక్ కొడుతుంది. మోచేతి దాకా జివ్వుమంటుంది. ఈ ఉప్పుగాలికి ఎర్తు తీగ తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయింది. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను, చెబుతూనే ఉన్నాను. "కుఛ్ నహీ హోతా గవరా, ఏమీ కాదు, చెప్పులేసుకుని ముట్టుకో" అంటాడు మా ఆయన కన్నారావు. ఆయనకి కరెంటు తెలియదనుకునేరు. ఆసుపత్రిలో మెషిన్లు బాగుచేసేది ఆయనే.

ఈమధ్య మా అత్తకి ఊపిరితిత్తులు చెడ్డాయి. చెన్నై నుంచి ఓడలో ఆక్సిజన్ మెషిన్ తెప్పించాడు. దాన్ని నేరుగా గోడ ప్లగ్గుకి తగిలించడానికి ఆయనకి మనసొప్పలేదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఉండి తీరాలన్నాడు. అదీ కొన్నది కాదు, మా భోజనాల బల్ల మీద తన చేత్తో చుట్టాడు. ఎదురుగా కూర్చుని రాగితీగ పట్టుకున్నది నేను. "గోడ కరెంటు ఈ చుట్టలోకొస్తుంది. అమ్మ మెషిన్‌కెళ్ళేది ఆ రెండో చుట్టలోంచి. ఈ తీగా ఆ తీగా ఎక్కడా కలవవు, చూశావా?" అన్నాడు. రెండింటికీ మధ్య పసుపు కాగితం, పొర మీద పొర. ఒక పొర కాస్త వంకరగా పడిందని మొత్తం విప్పి మళ్ళీ చుట్టాడు. "జబ్బు మనిషి ఒళ్ళు. మనకి తెలియనంత కరెంటు కూడా తగలకూడదు" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసి కుళ్ళిపోయాను.

అవును, అసూయే. ఊపిరాడని ముసలిదాని మీద. మా అత్త ఎరుకమ్మ శ్రీకాకుళం తీరం నుంచి మొగుడి వెంట ఓడెక్కి వచ్చి, చేపల గంప మోసి ఈయన్ని చదివించింది. కాదనను. ఆవిడకి గంజి పట్టేదీ, ఒళ్ళు తుడిచేదీ, పక్కబట్టలు ఉతికేదీ నేనే. చేస్తూనే కుళ్ళుకుంటాను. ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పి, తుడిచిన తడినేల మీద వట్టికాళ్ళతో నిలబడి, ఆవిడ మంచం ఇనుప కమ్మీ పట్టుకుని చూస్తాడు, ఎక్కడైనా చురుక్కుమంటుందేమోనని. ఆ తర్వాత నా వంటగది గుమ్మంలోకొచ్చి "టీ అయిందా?" అంటాడు. నేను ఆ మంచం కమ్మీనైనా కాకపోతినే అనిపించిన రోజులున్నాయి.

నిన్న ఆదివారం ఆసుపత్రి వాళ్ళని పిలిచాడు, తను చుట్టిన పెట్టె చూపించడానికి. గారెలు చెయ్యమన్నాడు. పప్పు కడిగిన నీళ్ళు ఒలికి నా చెప్పులు నానిపోయాయి. చూసుకోకుండా గ్రైండర్ మీద చెయ్యి వేశాను. ఈసారి జివ్వుమనడం కాదు, ఎవరో భుజం పట్టి విసిరేసినట్టయింది. పళ్ళెం ఎగిరి పడింది. గోడకానుకుని కూలబడ్డాను. చెయ్యి నాది కానట్టుంది.

"అమ్మా!" అని అరుస్తూ ఆయన పరుగెత్తుకొచ్చాడు. వంటగది ముందు నుంచే వెళ్ళాడు. నన్ను చూశాడు కూడా. చూసి, దాటి, అమ్మ గదిలోకెళ్ళాడు.

"నాకేటయిందిరా! సప్పుడు వంటగదిలోది. ముందు దాన్ని సూడు" అంటోంది అత్త.

"దానికేటవదులేమ్మా. దానికలవాటే."

అలవాటే! ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఆయనకది మళ్ళీ గుర్తు కూడా ఉండదు. కోపం తర్వాతొచ్చింది, ముందు ఏడుపొచ్చింది. ఆవిడకి తగలకుండా అన్ని పొరలు చుట్టిన మనిషికి, నాకు తగులుతున్నట్టు తెలుసు. తెలియకపోవడం కాదు. ఇన్నాళ్ళూ తెలియదేమోనన్న ఆశతోనే కాబోలు, చెప్పిందే చెబుతూ వచ్చాను.

లేచి గోడ స్విచ్ ఆపాను. ఆ గది గుమ్మంలో నిలబడి "నేనింక రుబ్బను" అన్నాను.

"అరే, వాళ్ళు దారిలో ఉన్నారు. ఇప్పుడా నీ డ్రామా?"

ఆయన్ని దాటుకుని వెళ్ళి అత్త మంచం మీద కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చోలేదు, ఎప్పుడూ పక్కన నిలబడి చేయడమే. ఆవిడ ముక్కుకి గొట్టంతోనే నెమ్మదిగా కాళ్ళు ముడుచుకుని నాకు చోటిచ్చింది.

"కాళ్ళు పైకెట్టుకోయే. ఈడ కొట్టదు" అంది.

ఆ మాటకి నవ్వొచ్చింది, దాంతోపాటు మళ్ళీ అసూయా వచ్చింది. అయినా కాళ్ళు పైకి పెట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చుంది.

వీధి తలుపు చప్పుడైంది. ఆయనే వెళ్ళి తీశాడు. నవ్వులు, పలకరింపులు. ఎవరో "భాభీ ఏరీ? గారెలన్నావు!" అన్నారు.

"దాని తబియత్ బాగాలేదు. పడుకుంది" అన్నాడు మా ఆయన, అత్తకి ఆ పెట్టె చుట్టిన రోజున మాట్లాడినంత మెత్తగా.

ఆ మెత్తదనం కోసం ఎన్నాళ్ళుగా మొహం వాచి ఉన్నానో నాకు తెలుసు. ఊరుకుంటే ఆ పూటకి అది నాదే.

"నా తబియత్ బాగానే ఉంది భయ్యా" అన్నాను, ముందు గదిలోకి వినపడేలా. "రుబ్బనని చెప్పాను."