ఎర్రగుడ్డల ఇప్పచెట్లు

రాజమల్లు వృక్షశాస్త్రం లెక్చరరు. చేరి తొమ్మిదేళ్లయినా డాక్టరేటు లేదు. ఎనభై ఒకటిలో, మూడోసారి అర్జీ పెట్టుకుంటే, పరిశోధనకు గ్రాంటు వచ్చింది. ములుగు దాటాక అడవిలో నలభై ఇప్పచెట్లు ఎప్పుడు ఆకు రాలుస్తాయో, ఎప్పుడు పూస్తాయో రెండేళ్లు చూసి రాయాలి. మధ్యలో ఒక పరిశీలకుడు వచ్చి బాగుందంటేనే రెండో ఏడు. లేదంటే గ్రాంటూ పోయె, డాక్టరేటూ పోయె.

గైడు ప్రొఫెసర్ యాదగిరి. చిన్నవాళ్లకు దారి చూపమని యూనివర్సిటీ పెట్టిన పెద్దమనిషి. కుర్చీలోంచి లేవకుండానే చూపేవాడు. అడవంటే ఆయనకు గోడ పటంలో పచ్చరంగు.

"చెట్లకు ఎర్రగుడ్డలు కట్టు. దూరంకెల్లి కనవడ్తయి," అన్నాడు.

ఇచ్చిన సలహా అదొక్కటే. నెలనెలా తాను అడవికి వెళ్లి చూసినట్టు కాగితాల మీద సంతకం మాత్రం మరిచేవాడు కాదు.

రాజమల్లు గుడ్డలు కట్టి, వాటిమీద ఇంకుతో నంబర్లు వేశాడు. పక్షానికోసారి బస్సు దిగి నడిచి వెళ్లి, ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, రాసుకొచ్చేవాడు.

మాఘంలో మేడారం జాతర వచ్చింది. ఆ దారిన బండ్లు కట్టుకుపోయే జనం ఎర్రగుడ్డల చెట్లను చూశారు. ఏ దేవతవో అడుగుదామంటే మనిషి లేడు. అడగకుండానే మొక్కారు. పసుపు పూశారు, బెల్లం పెట్టారు. చోటు చాలక పక్కచెట్లకూ గుడ్డలు కట్టారు.

జాతరైన వారానికి పరిశీలకుడు డాక్టర్ ఫకీర్ మహమ్మద్ హైదరాబాదు నుంచి దిగాడు. గైడుకూ జీపెక్కక తప్పలేదు. వెళ్లి చూస్తే రెండువందల చెట్లు ఎర్రగా నిలబడి ఉన్నాయి. నంబర్లు పసుపునీళ్లకు కొట్టుకుపోయాయి.

"వీటిల మీ నలభై ఏవి?" అన్నాడు ఫకీర్ మహమ్మద్.

"ఇది ఒకటో నంబరు సార్."

"అట్ల నేను గూడ చూపిస్త. రుజువేది?"

యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "గుడ్డలొద్దని నేను మొదలే చెప్పిన సార్. ఇంటేనా."

రాజమల్లు సంచిలోంచి నోటుబుక్కు తీశాడు.

చెట్టుకింద కూర్చున్న ముసలామె లేచింది. పక్క గూడెం సమ్మమ్మ. "వచ్చినవా పూజారీ. జాతరల కానరాకపోతివి."

"ఈయన పూజారా?" అన్నాడు ఫకీర్ మహమ్మద్.

"కాకపోతే? వాన గొట్టినా ఎండ గొట్టినా పదేను దినాలకోపారి వస్తడు. చెట్టుచుట్టు తిరుగుతడు, పైకి చూస్తడు, ఏందో రాస్తడు. మా పూజారికి గూడ ఇంత నిష్ఠ లేదు బిడ్డా."

"అన్ని చెట్లకా?"

"నలభైకే. కడమయి జాతరోళ్లు కట్టిన ఉత్త గుడ్డలు. వాటికి మొక్కితే పని గాదు."

కర్ర ఊతంగా నడిచి ఒక్కొక్కటే చూపింది. ఫకీర్ మహమ్మద్ రాజమల్లు నోటుబుక్కులో గీసుకున్న పటంతో సరిచూశాడు. నలభైకి నలభై కలిశాయి.

ఆయన యాదగిరి వైపు వేలు చూపాడు. "ఈ సారు ఎన్నిమార్లొచ్చిండు?"

సమ్మమ్మ కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవరీయన? జీపు డ్రైవరా?"

ఫకీర్ మహమ్మద్ నివేదిక జీపులోనే రాశాడు. రెండో ఏడు గ్రాంటు ఇవ్వవచ్చు. గైడు పక్షానికోసారి బస్సులో వెంట వెళ్లి, చెట్లకింద నిలబడే సంతకం పెట్టాలి.

పక్షం తిరిగింది. యాదగిరి రొప్పుతూ మొదటి చెట్టు చేరాడు. సమ్మమ్మ ఆయన బూట్లకేసి చూసింది.

"కొత్త శిష్యుడా? అవి ఆడనే ఇడిసి రా."

ముళ్ల అడవి. నలభై చెట్లు. యాదగిరి రాజమల్లు వైపు చూశాడు. రాజమల్లు తలెత్తి ఆకులు చూస్తున్నాడు.