ఒగ్న్యెన్ ఎందుకు అరుస్తున్నాడు

బడి గేటు దాటకముందే నెవెనాకు అరుపు వినిపించింది. అది తన కొడుకు గొంతు. పరుగెత్తింది.

ఒగ్న్యెన్ మెట్ల కింద ముడుచుకుని గోడకేసి తల బాదుకుంటున్నాడు. తొమ్మిదేళ్లవాడు. మాటలు రావు. గోడకూ ఆ తలకూ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది తియానా. బడిలో రోజంతా వాడిని కనిపెట్టుకుని ఉండే సహాయకురాలు. ఆమె వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయింది.

బడి వెనక వీధిలోనే ఇల్లు కాబట్టి వాడి నానమ్మ మిలున్కా అప్పటికే వచ్చేసింది. నేల మీద కూలబడి మనవడిని ఒళ్లోకి లాక్కుంది. "నా తండ్రీ, నా బంగారూ..." అరుపు మూలుగయింది.

"వీణ్ణి నేను చూసుకుంటాలే. నువ్వెళ్లి మాట్లాడు," అంది కోడలితో. "ఎప్పట్లాగా తలూపి వచ్చెయ్యకు."

తను పనిచేసే కోరిందపళ్ల కోల్డ్ స్టోరేజీలో వేసుకునే రబ్బరు బూట్లతోనే నెవెనా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. ప్రిన్సిపాల్ రాద్మిలో, ప్రత్యేక విద్య టీచరు బిల్యానా ఎదురుచూస్తున్నారు. చేతికి గుడ్డ చుట్టుకుంటూ తియానా కూడా వచ్చి నిలబడింది.

"కూర్చోండమ్మా. కాఫీ తాగుతారా?" అన్నాడు రాద్మిలో.

"వద్దండి. ఏం జరిగింది?"

"శీతాకాలం సెలవులయ్యాక రోజూ ఇదే. మిగతా పిల్లల తల్లిదండ్రులు నా మీద పడుతున్నారు. నగరంలో ఇలాంటి పిల్లల బడి ఉంది, హాస్టలు కూడా అక్కడే. ఏ పిల్లాడు ఏ బడిలో ఉండాలో తేల్చే కమిషన్ వాళ్లు రేపు వస్తున్నారు. అక్కడికి పంపమని చెప్పేస్తాను."

హాస్టలు! దుప్పటి మార్చితేనే తెల్లవార్లూ నిద్రపోని పిల్లాడు.

"సెలవుల ముందు బానే ఉన్నాడుగా. ఏం మారింది?"

"ఏమీ మారలేదు," అన్నారు రాద్మిలో, బిల్యానా ఇద్దరూ.

నెవెనా గిర్రున తియానా వైపు తిరిగింది. "కొట్టావా వాణ్ణి?"

"అక్కా!" తియానా గుడ్డ విప్పి చెయ్యి చూపించింది. "చూడు. కొట్టే చెయ్యేనా ఇది?"

"అలా నిలదీస్తే ఇక్కడెవరూ నోరు విప్పరు నెవెనా," అంది బిల్యానా.

నిజమే. తియానా అప్పుడే మొహం తిప్పేసుకుంది. ఇన్నాళ్లూ గేటు దగ్గర నెవెనా అడిగింది ఒకటే ప్రశ్న, ఎలా ఉన్నాడు అని. బాగున్నాడు అనేది తియానా. ఇద్దరూ నవ్వి ఎవరిదారిన వాళ్లు వెళ్లేవాళ్లు.

"తప్పయింది తియానా. క్షమించు. పొద్దున లోపలికొచ్చాక వాడేం చేస్తాడో చెప్పు చాలు. చిన్నచిన్నవి కూడా."

"బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటాడు. కోటు తగిలిస్తాడు. బెంచీలో కూర్చుంటాడు."

"కిటికీ పక్క బెంచీలోనేగా?"

తియానా గుడ్డను మళ్లీ చేతికి చుట్టుకుంది. "కాదు. ఇప్పుడు తలుపు పక్కది."

"దాని పైన ఏముంది?"

జవాబు బిల్యానా చెప్పింది, తనకే అప్పుడు తట్టినట్టు. "గంట. బడి గంట."

ఇంట్లో మిక్సీ తిరిగితే బల్ల కింద దూరే పిల్లాడు. వాడి నెత్తిన పీరియడు పీరియడుకూ ఆ గంట!

"ఏమీ మారలేదన్నారే!"

"అదొక మార్పా?" రాద్మిలో నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కిటికీ దగ్గర కూర్చుంటే చలిగాలి కొడుతుంది. మెడ పట్టేస్తే? జ్వరమొస్తే? ఎవరైనా జరుపుతారు."

చలిగాలి తగిలితే జబ్బేనని ఈ ఊళ్లో అందరి నమ్మకం, పెళ్లివిందు మధ్యలోనైనా లేచి తలుపు మూసేస్తారు. అందుకే ఎవరికీ అది చెప్పవలసిన సంగతి అనిపించలేదు.

"పాత చోటికే పంపుదాం సార్. కొన్నాళ్లు చూద్దాం," అంది బిల్యానా.

"కమిషన్ అడగదా, చెప్పాపెట్టకుండా ఎవరు జరిపారని? నువ్వా?"

"నాకు తెలియనే తెలియదు."

"మరి తియానా, నువ్వేనా? అలాగైతే నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి. నా చేతుల్లో ఏమీ లేదు."

"నేనే," అంది తియానా. కళ్లు మాత్రం తలుపు వైపు పోయాయి.

"నీ అంతట నువ్వేనా?" అంది నెవెనా.

"నన్నడక్కు అక్కా. నీకు చెప్పనని ఒట్టేశాను."

తలుపు సగం తెరిచే ఉంది. వరండాలోంచి మనవడిని జోకొడుతున్న అత్తగారి కూనిరాగం సన్నగా వినిపిస్తోంది. ఇంట్లో తను కిటికీ తెరిస్తే ఆమె మూసేది. చలికాలమంతా అదే గొడవ. ఒకసారి తను గట్టిగా ఒక మాట అంటే ఆమె సంచీ సర్దుకుని కూతురింటికి వెళ్లిపోయింది. బతిమాలితే గానీ తిరిగి రాలేదు. ఇప్పుడు ఆమె పేరు బయటపెడితే ఈసారి ఎంత బతిమాలినా రాదు. పిల్లాణ్ణి చూసుకునే ఆమె లేకపోతే నెవెనాకు రాత్రి షిఫ్టు లేదు. తియానా లేకపోతే ఒగ్న్యెన్‌కు ఈ బడి లేదు.

"పేరు చెబితే వాణ్ణి ఇక్కడే ఉంచుతారా?" అని అడిగింది.

"అది కమిషన్ ఇష్టం. నేను మాటివ్వలేను," రాద్మిలో కలం తీశాడు. "ఎవరమ్మా?"

వరండాలో కూనిరాగం ఆగిపోయింది.

"మా అత్తగారు," అంది నెవెనా. "మిలున్కా."