గింజ వేయని ప్రసంగాలు

నెల రోజులుగా పాస్టరుగారి ప్రసంగమంతా రాతిగుండెల మీదే. "ఎంత వాన కురిసినా మీలో మొలక రాదు" అని బల్ల గుద్ది చెప్పేవాడు. జనం తలలు వంచుకుని వినేవారు, గొడుగులు తీసుకుని ఇళ్లకు పోయేవారు. గోడకు చెప్పినట్టే ఉందని ఆయన భార్య దగ్గర విసుక్కునేవాడు.

పదకొండేళ్లుగా ఒక్క ఆదివారం మానని దర్జీ ఆవిడ రెండు వారాలు రాలేదు. నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని బుధవారం ఆమె కొట్టుకు వెళ్లాడు. ఆమె చొక్కాకు కాజాలు కుడుతోంది. స్టూలు మీది గుడ్డముక్కలు తీసి కూర్చోమంది.

"ఏమ్మా, దేవుడి మీద అలిగావా?"

"దేవుడి మీద కాదు అయ్యగారూ, మీ మీదే."

ఆయనకు చురుక్కుమంది. ఆమె సూది ఆపలేదు.

"మా అమ్మను పాతిపెట్టిన మూడోవారం గుడిలో ఏడుపు ఆగలేదు. మీరు నా వైపే చూసి, పశ్చాత్తాపం లేని కన్నీళ్లు ఉట్టి ఉప్పునీళ్లన్నారు. నేను మా అమ్మ కోసం ఏడుస్తున్నానండీ."

ఆ మాట ఆయనకు గుర్తుంది. బాగా పేలిందని ఆ రోజు సంబరపడ్డాడు కూడా. సమాధి దగ్గర ప్రార్థన చేసింది తానే అయినా, ఆమె తల్లి పోయిన సంగతి మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"మావి రాతినేలలే, కాదనను. వారం వారం దున్నుతూనే ఉన్నారు. గింజ ఎప్పుడు వేస్తారు?"

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "మీ అమ్మగారు ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేదట. మధ్యాహ్నం దాకా ఆమె చెప్పింది, ఆయన విన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది భార్యకు చెప్పాడు.

"మీరు ఎండిపోయి చాలా కాలమైంది," అందామె.

"మరి చెప్పలేదేం?"

"చెబితే అదీ ప్రసంగంలో వాడుకుంటారని."

ఆదివారం ఆయన కాగితాలు విప్పలేదు. "బండబారింది నా గుండె. ఒంటరిగా మోకరించి మూడేళ్లు దాటింది. నా కోసం ప్రార్థించండి," అని కుర్చీలో కూర్చున్నాడు. సంఘపెద్ద దగ్గాడు. చివరికి వెనక వరుసలోంచి ముసలి బస్సు డ్రైవరు లేచి, తడబడుతూ నాలుగు మాటలు ప్రార్థించాడు.

అయ్యగారికి మతి తప్పిందని రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయాయి. దర్జీ ఆవిడ నెల తర్వాత వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఆయన ఆమె వైపు చూసి, బైబిలు తెరిచి వాక్యం చదివాడంతే.

ఆ సాయంత్రం వంటింట్లో భార్య పక్కన మోకరించాడు. చాలాసేపు మాట రాలేదు. ఆమె తొందరపెట్టలేదు.