మొహమాటానికి కొన్న బండి

పాత బట్ట ఏది తెచ్చిచ్చినా కుట్టుపని అక్క ముందు దాన్ని తిరగేస్తుంది. కోటు కానివ్వండి, గౌను కానివ్వండి, లోపలి వైపు బయటికి లాగి, కుట్లు వెలుగుకు పట్టి, చంకల దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తే గానీ "ఇంతవుతుంది" అన్న మాట ఆమె నోట రాదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి తొందరలో ఉండి, ఒంటి మీది కోటు విప్పకుండానే ధర చెప్పమంటే, ఆయన్ని కోటుతో సహా తిరగేయబోయిందని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత జరగలేదు. ఆయన భుజం మాత్రం పట్టుకుంది.

అలాంటి మనిషి, బతుకులో కొన్నవాటన్నిటిలోకీ ఖరీదైన వస్తువును పరుపైనా ఎత్తి చూడకుండా కొనేసింది. ఎందుకయ్యా అంటే, అమ్మినవాడు సొంత తమ్ముడు.

ఆ వస్తువు ఇంటిబండి. క్యాంపర్ వ్యాన్ అంటారు దాన్ని. లోపల మంచం, పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, మడత బల్ల, అన్నీ అమర్చిన వ్యాను. తమ్ముడిది గోడలకు రంగులేసే పని. దూరాభారం పనులు దొరికినన్నాళ్లూ పెళ్లాంతో సహా ఆ బండిలోనే కాపురం చేశాడు. ఇప్పుడు ఊళ్లోనే చేతినిండా పని ఉంది కాబట్టి దాన్ని వదిలించుకుని, రంగు చల్లే మిషను కొనుక్కోవాలనుకున్నాడు.

కొనమని మొగుణ్ణి పోరింది అక్కే. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడమంటే మామూలుగా కాదు. పడక్కుర్చీలో ఉండి కూడా వీధి మలుపులో పిల్లి కనిపిస్తే కుడికాలు బిగించి బ్రేకు తొక్కేవాడు. వచ్చినవాళ్లకల్లా బస్సు కథలే చెప్పేవాడు. ముందుకు పోయే గేర్లన్నీ ఒక్కసారే పోతే, కొండదారి మొత్తం రివర్సులో ఎక్కించి టైముకంటే ముందే చేర్చానని, వెనక సీట్లవాళ్లు మాకంటే ముందు ఊరు చూసేశారని ముందు సీట్లవాళ్లు కంప్లయింట్ రాశారని చెప్పేవాడు. ఇక అక్క సంగతా, ఏళ్ల తరబడి మిషను తొక్కిన కిటికీలోంచి ఆమెకు కనిపించింది ఎదురింటి గోడ ఒక్కటే. మిషను బండిలో వేసుకుని, రోజుకో కిటికీ ముందు కుట్టుకోవాలని ఆమె ఆశ.

"మా తమ్ముడి బండి. నాదీ పూచీ" అంది. ఆ మాటతోనే కొన్నారు.

చూడ్డానికి వెళ్లిన రోజు పని పంచుకున్నారు. డ్రైవరు గారు కిందికి దూరి, పైకెక్కి, ఇంజనుకు చెవి ఆనించి, టైర్లను పెళ్లికొడుకును చూసినట్టు నాలుగు వైపుల నుంచీ చూసి, "గుండె గట్టిది" అని తేల్చేశాడు. బస్సులో వంటగది ఉండదు కాబట్టి డ్రైవరు సీటు వెనకది ఏదీ తన శాఖ కాదనుకున్నాడు. అది అక్క శాఖ.

అక్క లోపల కాలు పెట్టేసరికి మరదలు ఉతికిన దుప్పటి పరిచి, బల్ల మీద కాఫీ, బిస్కెట్లు పెట్టి, "రా వదినా, ఇలా మెత్తగా కూర్చో" అంది. ఇంకేముంది, బేరానికి వచ్చిన మనిషి చుట్టమైపోయింది. చుట్టంగా వెళ్లిన ఇంట్లో పరుపు ఎత్తి చూస్తారా? తొట్టి కింద తలుపు తీసి ముక్కు పెడతారా? మరదలి ఇల్లూవాకిలిని అనుమానించినట్టు కాదూ? తొట్టి దగ్గర అడుగేస్తే నేల కొంచెం దిగినట్టు అనిపించింది కూడా. కొత్త ప్లాస్టిక్ షీటు కింద స్పాంజి వేశారేమో అనుకుని, కాఫీ బాగుందని చెప్పి వచ్చేసింది.

బండి ఇంటికొచ్చిన వారంలోనే సంగతి బయటపడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ కుట్టుమిషను మోసుకొచ్చి తొట్టి పక్కన దించారు. దించిన మిషను దిగుతూనే ఉంది. ఒక కాలు షీటు చించుకుని నేలలోకి మోకాలి దాకా పోయి ఆగింది. అక్క వంగి చూస్తే, ఆ కన్నంలోంచి రోడ్డు కనిపించింది.

డ్రైవరు గారు కూడా వంగి, ఒక కన్ను మూసి ఆ కన్నంలోంచి చూశాడు.

"మీ పుట్టింటి నేలలన్నీ ఇంతే మెత్తనా?" అన్నాడు లేస్తూ.

బండ్లు బాగుచేసే షెడ్డు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన షీటు పట్టుకుని చర్రున లాగాడు. కింద చెక్క తడిసిన బ్రెడ్డులా ఉంది. స్క్రూడ్రైవరు ఆనిస్తే చాలు, పిడి దాకా పోయింది. కప్పు మీది గాలి కిటికీ చుట్టూ రబ్బరు ఎండి పగిలిపోయి, ప్రతి వానా గోడ లోపల నుంచి జారి నేలలో కాపురం పెట్టిందన్నమాట. మేస్త్రీ చెవి వెనక పెన్సిలు తీసి లెక్క మొదలెట్టాడు. నేల, గోడ చెక్క, కప్పు రబ్బరు, వైరింగ్ మొత్తం, ఫ్రిజ్, తలుపు చుట్టూ రబ్బరు బీడింగు, బయట పెయింటు. అంకె బండి కొన్న ధరలో సగానికి వచ్చి నిలబడింది.

"రేపు పొద్దున్నే తీసుకెళ్లి మీ తమ్ముడి గుమ్మం ముందు పెడతా. డబ్బు వెనక్కి ఇమ్మంటా" అన్నాడు డ్రైవరు గారు.

అక్క లోపల లెక్క వేసుకుంది. తమ్ముడి దగ్గర ఇప్పుడు డబ్బు లేదు. రంగు మిషను కొనేశాడు. ఇవ్వలేనివాణ్ణి గుమ్మంలో నిలబెట్టి అడిగితే, ఆ గుమ్మం మళ్లీ తొక్కేది ఉండదు. బండి ఉంచుకోవాలి, తమ్ముడూ మిగలాలి. రెండూ తన పూచీలోవే.

"ఒక్కరోజు ఆగండి" అంది. "కోటు చిరిగిందని కొట్టువాడి మొహాన కొట్టడం ఎవరికైనా చేతనవును. నేను బతికేది కుట్టి కదా."

"మొహమాటం మీ అక్కాతమ్ముళ్లది, జరిమానా నాదా?"

"ఆగమన్నాను గానీ కట్టమన్నానా?"

ఆయన ఆగాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె 'ఆగండి' అంటే ఆగడం ఒక్కటే ఆయనకు బ్రేకు లేకుండా వచ్చిన విద్య.

మర్నాడు అక్క షెడ్డులో ఒక పాత డ్రమ్ము మీద కూర్చుని, మేస్త్రీ చేత లెక్క మళ్లీ మొదటి నుంచి చెప్పించింది.

"ఫ్రిజ్ మార్చకపోతే బండి ఆగిపోతుందా?"

"ఆగదమ్మా."

"వాన లోపలికొస్తుందా?"

"ఫ్రిజ్‌లోంచి వానెందుకొస్తుందమ్మా?"

"ఎవరి కాలైనా విరుగుతుందా?"

"విరగదు గానీ..."

"అయితే దాన్ని అవతల పెట్టండి. ఐసు డబ్బా కొనుక్కుంటాం. వైరింగ్ మొత్తం ఎందుకు? ఏ తీగ కాలింది?"

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "తొట్టి వెనకదొక్కటే తడిసిందమ్మా. మిగతావి ముందుచూపుకి రాశా."

"మీ ముందుచూపు నా పర్సులోకి కాకుండా బండిలోకి చూడనివ్వండి."

అలా ఒక్కొక్కటీ పట్టుకుని అడిగింది. కురిసేది, కూలేది, కాలేది ముందు. మెరిసేది తరవాత. పూర్తయ్యేసరికి అంకె సన్నబడి, ఊపిరి తీసుకోగలిగేంత అయింది. అయినా అది తేలిక కాదు. మొదటి ప్రయాణం సముద్రం దాకా అనుకున్నారు. ఆ డబ్బు ఇందులోకి పోతే సగం దారిలో ఉన్న సరస్సు దగ్గరే ఆగి వెనక్కి రావాలి. సరే, సరస్సు మాత్రం నీళ్లు కాదా అనుకుంది.

"నేల విప్పాక ఇంకేమైనా బయటపడితే?" అన్నాడు మేస్త్రీ, ఆశ చావక.

"పడుతుంది. పాత కోటు విప్పితే ఒక్క చిరుగు దగ్గర ఎప్పుడు ఆగింది గనక? దానికని కొంత విడిగా దాచా. కానీ నాకు చూపించకుండా ఒక్క మేకు కొట్టినా, ఆ మేకు మీదే."

ఇప్పుడు మిగిలింది తమ్ముడు. అక్క ఫోన్ చేసి, "ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ రండి. ఇంటికి కాదు, ఇంటిబండికి. మేస్త్రీ షెడ్డులో ఉంది" అంది.

వాళ్లు కొత్త బట్టలు కట్టుకుని, పూలగుత్తి పట్టుకుని వచ్చారు. బండి షెడ్డులో ఎందుకుందో తెలియక గుమ్మంలోనే తటపటాయించారు. అక్క, "రండి, రండి, కాళ్లు చూసుకుని రండి" అంది. లోపల నేల లేదు, మేస్త్రీ ఊడబీకేశాడు. ఇనప కమ్ముల మీద రెండు పలకలు అడ్డంగా వేసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి కింద షెడ్డు నేల, నూనె మరకలు, పడుకున్న కుక్క కనిపిస్తున్నాయి. నలుగురూ పలకల మీద కూర్చుని కాళ్లు వేలాడేశారు. అక్క ఏమీ ఎరగనట్టు వేడివేడిగా వడ్డించింది. "ఇంకాస్త వేసుకోమ్మా" అంటోంది. "గరిటె జారితే కుక్కకి, పర్వాలేదు" అంటోంది.

తమ్ముడు అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముందు మరదలే బయటపడింది.

"నేను చెప్పాను వదినా ఈయనకి. వదినతో ఒక మాట చెప్పండి, నేల అక్కడ మెత్తగా ఉందని. కాఫీ ఇచ్చేటప్పుడు నాకూ నోటిదాకా వచ్చింది. బాగుందన్నావు కదా అని మింగేశాను."

"మెత్తగా ఉందని తెలుసు అక్కా" అన్నాడు తమ్ముడు, పళ్లెంలోకి చూస్తూ. "ఇంత కుళ్లిందని నిజంగా తెలీదు. విప్పి చూడ్డానికి భయమేసి షీటు వేసి, గోడకు రెండు కోటింగులు కొట్టా."

"నీ చేతికి నిచ్చెన దొరికితే చంద్రుడి మచ్చకి కూడా ప్రైమర్ కొడతావురా" అన్నాడు డ్రైవరు గారు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

"మిషను అమ్మేస్తా బావా. కొన్నంత రాదు గానీ, వచ్చింది నీ చేతిలో పెడతా."

డ్రైవరు గారు నోరు తెరవబోతే అక్క ఆయన పళ్లెంలో పెద్ద ముద్ద కూర పడేసింది.

"మిషను అమ్మి ఏం చేస్తావ్, బ్రష్షులు నమిలి బతుకుతావా?" అంది తమ్ముడితో. "చూడు, షీటు కప్పింది నువ్వు, ఎత్తి చూడనిది నేను. ఊళ్లోవాళ్ల కోట్లన్నీ తిరగేసే దాన్ని, నీ పరుపు దగ్గర చెయ్యి రాలేదు. అందుకని డబ్బు అడగను. నీ చేతులు అడుగుతున్నా. ఈ షెడ్డు చూశావా?"

తమ్ముడు తలెత్తి చూశాడు. పనివాడి కళ్లు కదా, ఆ సిగ్గు మధ్యలో కూడా పని పట్టేశాయి. గోడలు పొలుసులు రాలుస్తున్నాయి. గేటు తుప్పు. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసి, అది రిపేరు షెడ్డో రిటైరైన షెడ్డో తెలియకుండా ఉంది.

"మేస్త్రీ గారూ" అని కేకేసింది అక్క.

పక్కనున్న కారు కింద నుంచి మేస్త్రీ తల వెంటనే బయటికొచ్చింది. అంతసేపూ అక్కడే ఉండి, ఏ బోల్టుకూ పట్టని స్పానరు తిప్పుతూ అన్నీ విన్నాడు.

"మీ షెడ్డు లోపలా బయటా మా తమ్ముడు రంగు వేస్తాడు. కొత్త మిషనుతో. రంగు డబ్బాలు మీవి, కూలీ మీరివ్వక్కర్లేదు. మా నేలకీ కప్పుకీ చెక్క, రబ్బరు మేం కొంటాం. మీ కూలీ మేం ఇవ్వక్కర్లేదు. ఏమంటారు?"

"గేటు కూడానా?"

"గేటు గీకి మరీ వేస్తాడు. గీకకుండా వెయ్యడు. నేను చూసుకుంటా."

"బోర్డు కూడా అయితే సరే. అక్షరాలు రోడ్డవతల నుంచి కనపడాలమ్మా."

"కనపడ్డమే కాదు, చదువు రానివాళ్లు కూడా ఆగి చదువుతారు" అన్నాడు తమ్ముడు. అప్పటికి గానీ అతను ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

అందరూ డ్రైవరు గారి వైపు చూశారు. ఆయన నెమ్మదిగా నమిలి, నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"చెక్క కొయ్యడం కూడా వాడే చెయ్యాలి" అన్నాడు. "మేస్త్రీ చూపిస్తాడు, వాడు బిగిస్తాడు. నేను వాడి నెత్తిన నిలబడతా."

అన్నంత పనీ చేశాడు. పొద్దున షెడ్డుకు రంగు, మధ్యాహ్నం బండిలో నేల. ఆ రోజులన్నీ డ్రైవరు గారు బావమరిదితో కొలతలు తప్ప మాట్లాడలేదు. "ఇంకో అంగుళం." "ఆ మూల." "మేకు వద్దు, స్క్రూ." అక్క బండి గుమ్మంలో కూర్చుని పరుపులకు కొత్త గలేబులు కుడుతూ ఆ అంగుళాలన్నీ వినేది. తుప్పు పట్టిన కమ్మి ఇంకొకటి బయటపడింది, విడిగా దాచిన డబ్బు దానికి సరిపోయింది. ఆమెకు దిగులు దాని గురించి కాదు. నేల గట్టిపడుతోంది గానీ, ఈయన గొంతు ఇంకా మెత్తబడ్డం లేదు.

నేల పూర్తయింది. షెడ్డు కూడా కొత్త పెళ్లికూతురిలా నిలబడింది. దాన్ని చూసి ఇద్దరు బండ్లవాళ్లు దారి మళ్లి మరీ లోపలికొచ్చారు. తమ్ముడు చేతులు కడుక్కుని, బండిలోకి రాకుండా బయటే నిలబడ్డాడు.

"ఎక్కు" అన్నాడు డ్రైవరు గారు.

ఎక్కాడు.

"తొట్టి దగ్గర నిలబడు. ఊఁ, గెంతు."

తమ్ముడు గెంతాడు. నేల కిక్కురుమనలేదు. డ్రైవరు గారు పక్కన నిలబడి తనూ ఒక గెంతు వేశాడు. ఇద్దరూ కలిసి గెంతారు. తొట్టిలో చెంచాలు గలగలమన్నాయి, బండి స్ప్రింగుల మీద ఊయలూగింది. "షెడ్డుకి రంగు ఆరలేదు, నెమ్మది" అని మేస్త్రీ బయట నుంచి మొత్తుకున్నాడు.

"గెంతింది చాలు, కుట్టుమిషను పట్టండి" అంది అక్క. ముగ్గురూ మోసుకొచ్చి దించారు. ఈసారి మిషను దించిన చోటే ఆగింది.

"కొద్దిగా రోడ్డు మీద తిప్పి చూద్దాం" అని డ్రైవరు గారు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. బండి గేటు దాటింది, వీధి దాటింది, ఊరు దాటే రోడ్డెక్కింది. తమ్ముడు ముందుకొచ్చి, "బావా, నా నిచ్చెన అక్కడే ఉండిపోయింది. నన్నిక్కడ దింపేస్తే..." అని నసిగాడు.

"నిచ్చెనకేం, అది నీలాగా పారిపోదు. కూర్చో" అన్నాడు డ్రైవరు గారు. "నీకొకటి చెప్పలేదు కదూ? ఒకసారి ఏమైందంటే, బస్సు నిండా జనం, నడి వంతెన మీద ఉండగా నా చేతిలో స్టీరింగ్ ఊడి వచ్చేసింది..."

తమ్ముడు ముందు సీట్లో కుదురుగా కూర్చున్నాడు. "ఊడొస్తే ఏం చేశావు బావా?"

"ఏం చేస్తాను, ప్రయాణికులకి చెప్తే భయపడతారని, దాన్ని చేతిలో పట్టుకునే తిప్పుతూ ఉన్నా..."

అక్క సూదిలోకి దారం ఎక్కించి, పక్క కిటికీ తెర పక్కకు లాగింది. ముందు సీట్ల నుంచి మొగుడి గొంతు, దానికి తమ్ముడి "ఊఁ, తరవాత?" వినిపిస్తున్నాయి. ఆమె కాలు మిషను మీద పెట్టి తొక్కడం మొదలెట్టింది.