పలకరించడానికి వచ్చిన చిన్నమ్మ

బంద్‌లు ఊళ్లో అందరినీ రోడ్డు మీదికి తెచ్చాయి. మా చుట్టాలను మాత్రం కోరుట్లలో నా గుమ్మం ముందుకు తెచ్చాయి. బడుల్లేవు, ఆఫీసుల్లేవు, బస్సుల్లేవు. తెలంగాణ ఇచ్చేదాకా పని ముట్టేది లేదన్నారు. మంచిదే, నేనూ ఇంట్లోంచే జై కొట్టాను. కానీ ఖాళీ దొరికిన ప్రతి ఒక్కరికీ నేనే యాదికొస్తే ఎట్లా? జబ్బు మనిషిని పలకరించకపోతే మా దిక్కు మాట పడాలి. అందుకని సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి బండ్ల మీద వచ్చేవారు, బత్తాయిలూ జలుబూ పట్టుకొని.

నాకు చెన్నైలో ఊపిరితిత్తులు మార్చారు. అవి పరాయివని నా ఒళ్లు వాటి మీద పడకుండా, దాని బలాన్ని గోలీలతో అణచిపెట్టాలి, బతికినన్నాళ్లూ. అణిగిన ఒంటికి చిన్న దగ్గు అంటినా కొత్త ఊపిరితిత్తులు పాడవుతాయి. గుంపులోకి ఎప్పటికీ పోవద్దన్నాడు డాక్టరు. ఇది చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

"గన్ని గోలీలు మింగవడ్తివి, ఇంకేం రోగమస్తది?" అంటారు. మందు తింటే బలమొస్తుందనే వాళ్ల లెక్క. చివరికి గదిలో గొళ్లెం పెట్టుకున్నాను.

ఆ రోజు సాయమ్మ చిన్నమ్మ వచ్చింది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. బస్సుల్లేక మల్లాపూర్ నుంచి నడిచి వచ్చి, వాకిట్లో కూలబడి దగ్గుతోంది.

"గంత దూరం నడిసి అచ్చింది, ఒక్కసారి తలుపు తియ్ లతా," అన్నాడు మా ఆయన శ్రీశైలం.

"తియ్య. ఆమెకు దగ్గున్నది."

చిన్నమ్మ తలుపు దగ్గరికి జరిగింది. "నీ మొఖం సూసి పోత బిడ్డా. నేనేమన్న పరాయిదాన్నా?"

గొళ్లెం మీద చేయి వేశాను. అంతలో ఆమెకు మళ్లీ దగ్గు తెర వచ్చింది. చేయి తీసేశాను. ఛీ, ఇదేం బతుకని నా మీద నాకే అసహ్యం వేసింది.

"అద్దు చిన్నమ్మా. నీ దగ్గు తగ్గినంక రా."

ఆమె మెల్లగా అడిగింది. "సరె తీ. నేను సస్తెనన్న అస్తవా?"

చావింట్లో ఎంతమంది మూగుతారో నాకు తెలుసు. ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు.

"అస్త చిన్నమ్మా," అన్నాను.

ఆమెకు ఆ మాట చాలింది. శ్రీశైలం ఇచ్చిన నీళ్లు తాగి, మల్లాపూర్ దారి పట్టింది.