గ్వారానీ పాఠం

ఈ బెంగాలీ ఊళ్లో, ప్రేమ్ బజార్‌లోని మా ఇంటి పై గదిలో ఎన్రికే అద్దెకుంటున్నాడు. పరాగ్వే నుంచి చదువుకోవడానికి వచ్చిన గ్వారానీ తెగవాడు. పెరిగింది మాత్రం స్పానిష్‌లో. ఇప్పుడు సాయంత్రాలు మేనత్తకు ఫోన్ చేసి తమ గ్వారానీ భాష నేర్చుకుంటున్నాడు.

"ఏటి బావా, ఆడు గోడకి పాఠం సెప్తన్నాడా?" అన్నాడు నా బావమరిది నూకరాజు.

"ఆళ్ల నాయనమ్మ పోయేముందు ఆ భాషలో ఏటో అడిగిందట. ఈడికి తెలవలేదు."

నూకరాజు నవ్వు ఆగింది. వాళ్ల అక్క, నా భార్య, ఆసుపత్రిలో తెలుగులో ఏదో అడుగుతూనే పోయింది. పక్కనున్న మా అబ్బాయి ఉమాశంకర్‌కి బెంగాలీ తప్ప రాదు. ఆనాటి నుంచి వాణ్ని గడప తొక్కనివ్వలేదు.

"ఉమాశంకర్ సేసిందీ అదే కదా. ఈడికి గదిచ్చినావు. ఆడినీ రానీ, బావా."

"ఈడు నేర్సుకుంటన్నాడు," అన్నాను.

నూకరాజు టీ వదిలేసి లేచాడు.